గాలి చొరని పెట్టె: స్పీకర్ కిట్ల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో కిట్ (స్పీకర్ భాగాలూ డ్రాయింగూ కలిపి అమ్మే సెట్టు) తెప్పించుకుని ఇంట్లోనే ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కట్టిన సంగతి రాశాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను: ఒక్కో పెట్టెలో కింది స్వరాలకి 5 అంగుళాల వూఫర్, పై స్వరాలకి 1 అంగుళం బట్ట డోమ్ ట్వీటర్, ఆ రెండింటికీ పాటని పంచిపెట్టే క్రాసోవర్, లోపల సుమారు 9 లీటర్ల ఖాళీ, వెనక వైపు బేస్‌కి దన్నుగా ఒక గాలి గొట్టం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. అందులో సగం మంది క్రాసోవర్‌ని ఇంకా ఎలా 'ఇంప్రూవ్' చేయాలని అడిగారు, పెట్టె గురించి అడిగినవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో. లెక్క తిరగబడింది సార్. క్రాసోవర్ పని కిట్‌వాళ్లు చేసేశారు, మనకి మిగిలిందే ఆ పెట్టె.

ప్రశ్న: కిట్‌కి అంత పోయడం ఎందుకండీ? కోఠి గుజరాతీ గల్లీలో వూఫర్లూ ట్వీటర్లూ విడిగా దొరుకుతాయి, క్రాసోవర్ బోర్డు కూడా రెడీమేడ్‌గా దొరుకుతుంది. మూడూ కలిపితే అదే కదా? (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: అదే కాదు. ఆ బోర్డు చేసినాయనకి మీ వూఫర్ ఏదో తెలియదు. వూఫర్ వెనక 8 ఓములు అని రాసి ఉన్నా అది అన్ని స్వరాల దగ్గరా 8 ఓముల్లా ఉండదు. తన సొంత రెజొనెన్స్ (తనంతట తాను ఊగే స్వరం) దగ్గర ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ తరవాత దిగి, పై స్వరాల వైపు పోయేకొద్దీ కోన్‌ని ఆడించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్ వల్ల మళ్లీ పెరుగుతుంది. కాబట్టి 8 అనుకుని లెక్క వేసిన బోర్డులోని కాయిలూ కెపాసిటరూ స్వరాలని అనుకున్న చోట కోయవు. పైగా ట్వీటర్ చాలాసార్లు వూఫర్ కన్నా గట్టిగా పలుకుతుంది, దాన్ని ఎంత అణచాలన్నది ఆ రెండు డ్రైవర్లనీ (అంటే వూఫర్, ట్వీటర్) కలిపి కొలిస్తేగానీ తేలదు.

ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు: పెట్టె వెడల్పు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పెట్టెలో దాదాపు 600 హెర్ట్జ్ నుంచి కిందికి వచ్చేకొద్దీ సౌండ్ ముందుకే రాకుండా పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతుంది, అంటే ముందు కూర్చున్న మనకి గొంతులోని నిండుదనం తగ్గుతుంది. ఆ లోటుని కిట్ డిజైనర్ క్రాసోవర్‌లోనే పూడుస్తాడు. మైకు పెట్టి కొలిచి, విని, విలువ మార్చి, మళ్లీ కొలిచి చేసిన పని అది. రెడీమేడ్ బోర్డు పెట్టడమంటే పక్కింటావిడ ఆది జాకెట్టు ఇచ్చి మనకి కుట్టించుకోవడమే, జాకెట్టయితే వస్తుంది.

అందుకే ముందు పలక వెడల్పు, దాని మీద డ్రైవర్లు కూర్చునే చోట్లు డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంచండి. లోతు మాత్రం మీ అల్మరాకి తగ్గట్టు కాస్త అటూ ఇటూ చేసుకోవచ్చు, లోపలి లీటర్లు మారకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: డ్రైవర్ కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఉన్నాయి. ఇవి మనకి అవసరమా? (డిప్లొమా విద్యార్థి, అనంతపురం)

జవాబు: కిట్ కడితే అవసరం లేదు, తెలుసుకుంటే సరదా. ఎఫ్ఎస్ అంటే వూఫర్ దేనికీ బిగించకుండా ఉన్నప్పుడు తనంతట తాను ఊగే హెర్ట్జ్. క్యూటీఎస్ అంటే ఆ ఊగడం ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె. వీఏఎస్ అంటే కోన్‌ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో దాన్ని లీటర్ల గాలిలో చెప్పడం. ఈ అంకెలతో పెట్టె సైజు లెక్కగట్టే దారిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీర్ 1961లో వేశాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. అంతకుముందు పెట్టె సైజు చాలావరకు అనుభవం మీద, అందాజా మీద నడిచేది. మన ఊళ్లలో బాక్సులు కట్టేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అందాజాయే ఆధారం, వాళ్లలో చెవి బాగా ఉన్నవాళ్లు నిజంగానే మంచి బాక్సులు కడతారు, అది వేరే సంగతి.

ప్రశ్న: 18 మి.మీ. ప్లై లెక్కన పలకలన్నీ ఒకేసారి కోయించాను. బిగించి చూస్తే ముందు పలక రెండు వైపులా మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చింది. కార్పెంటర్ 'ప్లై తక్కువ మందం ఉంది సార్' అంటున్నాడు. లోపలి లీటర్లు పాడైనట్టేనా? టెన్షన్‌గా ఉంది. (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: టెన్షన్ వద్దు. మీ కార్పెంటర్ నిజమే చెప్పాడు, షాపులో 18 అని ఇచ్చేది స్కేలు పెట్టి చూస్తే 17 ఉండటం మామూలే. నా పెట్టె కొలతలతోనే లెక్క చూడండి: బయట 200 వెడల్పు, 320 ఎత్తు, 240 లోతు, అన్నీ మిల్లీమీటర్లే. నిజంగా 18 మందం ఉంటే లోపల 164, 284, 204, అంటే 9.5 లీటర్లు. పక్క పలకల మధ్యలో పైదీ కిందదీ ఇరికించే పద్ధతిలో 17 మందం ప్లై పడితే లోపలి ఎత్తు 286 అవుతుంది, అంతే, 9.57 లీటర్లు. ఆ తేడా ఎవరి చెవికీ అందదు. డ్రైవర్లూ గొట్టమూ క్రాసోవరూ కలిసి ఎలాగూ అర లీటరు దాకా తినేస్తాయి.

తేడా అంతా బయటే: రెండు పక్క పలకలూ చెరో మిల్లీమీటరు సన్నబడ్డాయి కాబట్టి వెడల్పు 198కి దిగింది, ముందు పలక 200గానే ఉంది. పొడుచుకొచ్చిన అంచుని రందా పట్టి సాపు చేయించండి, సరిపోతుంది. ఇంకా కోయించనివాళ్లు మాత్రం ఇలా చేయండి: మొదట పక్క పలకలు, పైదీ కిందదీ అతికించేసి, ఆరాక బయట కొలత తీసుకుని అప్పుడు ముందు, వెనక పలకలు కోయించండి. కార్పెంటర్‌ని రెండుసార్లు పిలవాలి, విసుక్కుంటాడు, పర్లేదు.

మేకుల గురించి కూడా అడిగారు. వద్దు. ఫెవికాల్ రాసి గట్టిగా బిగించి ఒక రాత్రంతా వదిలేస్తే ఆ అతుకు చెక్క కన్నా గట్టిగా ఉంటుంది. క్లాంపులు లేకపోతే పాత సైకిల్ ట్యూబుని నిలువునా రిబ్బనులా కోసి, పెట్టె చుట్టూ బాగా లాగి నాలుగైదు చుట్లు చుట్టండి. నేను మొదటి జత అలాగే బిగించాను. లోపలి మూలల్లో రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్ ముద్ద వేలితో పూయండి. సిలికాన్ పూస్తామంటే, పులిసిన వాసన వచ్చే రకమైతే అది పూర్తిగా ఆరేదాకా కొన్ని రోజులు డ్రైవర్లు బిగించొద్దు, ఆ ఆవిరి రాగిని తింటుంది.

మందం ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఇంకో పాఠకుడు వాదించారు. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు తమ చిన్న మానిటర్ (స్టూడియో స్పీకర్) ఎల్ఎస్3/5ఏని 12 మి.మీ. బర్చ్ ప్లైతో చేసి, లోపలి గోడలకి అదుర్పుని మింగే పలకలు అతికించారు. దాని నకళ్లు ఇప్పటికీ కడుతున్నారు. కాబట్టి 25 మి.మీ. చెక్క మోయాల్సిన అవసరం లేదు, ఒక్క చీలిక కూడా లేకుండా చూసుకోవడం మాత్రం అవసరం. గొట్టాన్ని అరచేత్తో మూసి, సన్నగా బేస్ మోగిస్తూ అతుకుల వెంబడి అగరుబత్తి తిప్పండి. పొగ ఎక్కడ తడబడితే అక్కడ గాలి కారుతోంది. నా రెండో పెట్టెలో అది వైర్లు బిగించే టెర్మినల్ దగ్గర దొరికింది, నేను వారం రోజులు అనుమానించింది మాత్రం క్రాసోవర్‌ని.

ప్రశ్న: లోపల నింపడానికి బూరుగు దూది వాడవచ్చా? మా ఇంట్లో పాత పరుపుది బస్తాడు ఉంది. (పాఠకురాలు, నర్సీపట్నం)

జవాబు: సౌండ్‌ని మింగుతుంది, అందులో తప్పు లేదు. కానీ బూరుగు పీచు నున్నగా తేలిగ్గా ఉండి ఎగురుతుంది, గొట్టంలో గాలి ఆడేటప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది, ఈలోగా వానాకాలం తేమా పురుగూ పడతాయి. షాపులో దొరికే పాలిస్టర్ దిండు ఒకటి కొని చింపండి, రెండు పెట్టెలకీ సరిపోతుంది. కుక్కకండి, వదులుగా విప్పి గోడల వెంబడి పెట్టండి, గొట్టం లోపలి మూతి దగ్గర పిడికెడు జాగా ఖాళీగా వదలండి. ఆ బూరుగు దూదితో తలగడలు కుట్టించుకోండి, పాలిస్టర్ కన్నా చల్లగా ఉంటాయి.

ప్రశ్న: కిట్‌తో వచ్చిన గాలి గొట్టం రవాణాలో పగిలింది. ప్లంబింగ్ పీవీసీ పైపు పెట్టొచ్చా? ఎంత పొడవు? (కరీంనగర్)

జవాబు: పెట్టొచ్చు, నాది అదే. ఒక్క జాగ్రత్త: పైపు మీద రాసేది బయటి కొలత, మనకి కావాల్సింది లోపలి కొలత, స్కేలు పెట్టి చూసుకోండి. 9 లీటర్ల పెట్టెని 50 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే లోపల 38 మి.మీ. ఉన్న పైపు సుమారు 12 సెం.మీ. కావాలి. లావుగా ఉంటే గాలి చప్పుడు రాదు కదా అని 50 మి.మీ. పైపు పెట్టబోతే పొడవు 22 సెం.మీ. దాటుతుంది, మీ పెట్టె లోతే 20. మోచేయి వంపు పెట్టి ఇరికించేవాళ్లున్నారు, చిన్న పెట్టెలో అంత అవస్థ ఎందుకు. మీ కిట్ కాగితం మీద వేరే అంకెలుంటే నావి కాదు, అవే పాటించండి. 13 సెం.మీ. కోసి, విని, కొంచెం కొంచెంగా తగ్గించుకోండి; కోసిన పైపు మళ్లీ పెరగదు.

ప్రశ్న: టంకం వేస్తుంటే ట్వీటర్‌కి వెళ్లే 5.6 మైక్రోఫారడ్ కెపాసిటర్ కాలు మొదలంటా విరిగింది. మా ఊళ్లో అలాంటిది దొరకదు. ఫ్యాన్ కెపాసిటర్ వాడితే ట్వీటర్ పోతుందా? (నిజామాబాద్)

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే. పోదు. సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ కూడా పాలీప్రొపిలీన్‌దే, దానికి ప్లస్ మైనస్ ఉండదు, తట్టుకునే వోల్టేజీ మనకి అవసరమైనదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2.5ది ఒకటి, 3.15ది ఒకటి ఏ కరెంటు సామాన్ల షాపులోనైనా ఇస్తారు. రెండింటినీ పక్కపక్కన, అంటే పారలల్‌గా కలిపితే 5.65. మీ లెక్క కుదిరిపోయింది. కొత్తవే కొనండి, విప్పిన పాత ఫ్యాన్‌లోది వద్దు, అవి వాడేకొద్దీ విలువ తగ్గిపోతాయి, ఫ్యాన్ మెల్లగా తిరగడానికి చాలాసార్లు అదే కారణం. పవర్ సప్లైలో వాడే ప్లస్ మైనస్ గుర్తులున్న ఎలక్ట్రోలిటిక్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. సైజు పెద్దది కాబట్టి బోర్డు మీద పట్టదు, పక్కన చెక్కకి ప్లాస్టిక్ టైతో కట్టేయండి.

క్రాసోవర్ దాకా వచ్చాం కాబట్టి ఒక మాట: రెండు కాయిల్స్‌ని ఒకే దిక్కుకి తిప్పి పక్కపక్కన పెట్టకండి, ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాంట్లో పడుతుంది. ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి, దూరంగా పెట్టండి.

ప్రశ్న: ఎంతో ఇష్టంగా కట్టుకున్నాం, బేస్ లేదు. ఒక్కో స్పీకర్ విడిగా వింటే బాగుంది, రెండూ కలిపితే గొంతు ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలియడం లేదు. వూఫర్లు మార్చాలా? (దంపతులు, మియాపూర్)

జవాబు: మార్చకండి! ఒక స్పీకర్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఆంప్లిఫైయర్ వెనక ఒక్క స్పీకర్ వైర్లు అటుదిటు మార్చి వినండి, నిమిషం పని. బాగైతే, తప్పు బయటి వైరులో ఉందా పెట్టె లోపల ఉందా అన్నది తీరిగ్గా చూడండి. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని వూఫర్ కాళ్లకి క్షణం పాటు తాకిస్తే కోన్ బయటికి రావాలి, బ్యాటరీ ప్లస్ తాకిన కాలే ప్లస్. ఈ పరీక్ష ట్వీటర్‌కి చేయొద్దు.

సరిచేశాక ఘంటసాల పాత సినిమా పాట ఏదైనా పెట్టండి. ఆ రికార్డింగులు మోనో, రెండు వైపులా ఒకే సౌండ్, కాబట్టి గొంతు రెండు పెట్టెల నడుమ ఖాళీ గోడ మీద, అరచేతి వెడల్పులో నిలబడాలి. పక్కకి జారితే మీ కుర్చీ అయినా జరపాలి, స్పీకర్ అయినా జరపాలి.

ప్రశ్న: 100 వాట్ల ఆంప్లిఫైయర్ బోర్డు కొన్నాను, ఇంట్లో ఉన్న 12 వోల్టుల అడాప్టర్ తగిలించాను. సౌండ్ పెంచితే పగిలిపోతోంది. కిట్ నాసిరకమా? (విజయవాడ)

జవాబు: పాపం కిట్‌ది కాదు. బోర్డు మీద ఎంత రాసినా 12 వోల్టులతో 8 ఓముల స్పీకర్‌కి శుభ్రంగా అందేది 9 వాట్ల దగ్గరే. ఆపైన తిప్పితే తరంగం తలలు తెగి, ఆ తెగిన రొద అంతా ట్వీటర్ మీద పడుతుంది, ట్వీటర్లు ఎక్కువగా కాలేది ఇలాగే. బోర్డు తట్టుకునే పక్షంలో 24 వోల్టుల మంచి అడాప్టర్ పెట్టండి, 36 వాట్ల దాకా వస్తుంది, హాల్లో వినడానికి ధారాళం.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ స్పీకర్ భాగాలు అమ్మే పార్ట్స్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల సీ-నోట్ కిట్ కొని విజయవాడలో నాన్నగారికి ఇద్దామని. వోల్టేజీ సమస్య వస్తుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: స్పీకర్లకి కరెంటు ప్లగ్గే లేదమ్మా, ఏ దేశంలోనైనా ఒకటే. ఆంప్లిఫైయర్ కూడా తెస్తే దాని అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో చూడండి. ఆ కిట్‌లో పెట్టె పలకలు కోసే ఇస్తారు కానీ అవి ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక), బరువు. నా జతకి చెక్కే 8 కిలోలు దాటింది, మీ సూట్‌కేసు మొత్తం 23. డ్రైవర్లు, క్రాసోవర్ భాగాలు, డ్రాయింగ్ తీసుకురండి, పలకలు ఇక్కడ కోయించండి, జత నాదంత సైజుదైతే అంతా కలిపి 7 చదరపు అడుగులే, తప్పులకి కలుపుకుని 12 తీసుకోండి. అసలు నాన్నగారినే కూర్చోబెట్టి ఇద్దరూ కలిసి కట్టండి. కృష్ణ ఒడ్డు తేమకి ఎండీఎఫ్ అంచులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, పెయింటుకి ముందు అంచులకి సీలర్ రెండు పూతలు పట్టించండి.

ప్రశ్న: స్పీకర్ కేబుల్ ఏది మంచిది? (చాలామంది)

జవాబు: ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. అంతే.

ప్రశ్న: మా మూడేళ్ల పాప ట్వీటర్‌ని వేలితో నొక్కింది. గుండ్రంగా ఉన్నది గుంట పడింది. ఏడుపొస్తోంది. (హనుమకొండ)

జవాబు: బట్ట డోమ్ అయితే ఏడవక్కర్లేదు. జిగురు తక్కువున్న టేపు ముక్క మధ్యలో మెత్తగా తాకించి, నెమ్మదిగా లాగండి, చాలాసార్లు టక్కున పైకి వచ్చేస్తుంది. లోహపు డోమ్ అయితే ముడత మిగిలిపోతుంది. వూఫర్ మధ్యలోని డస్ట్ క్యాప్‌కి గుంట పడ్డా పెద్దగా నష్టం లేదు, కళ్లకి బాధ తప్ప.

పాప చేసింది చిన్న పనే. నేను చివరి స్క్రూ బిగిస్తుండగా వూఫర్ అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని చేతిలోంచి లాక్కుంది, కొన నేరుగా కాగితపు కోన్‌లో దిగింది. వెనక నుంచి పల్చటి టిష్యూ, ఫెవికాల్‌తో మాటు వేశాను, ఇప్పటికీ అదే మోగుతోంది, కానీ ఆ మాటు కనపడ్డప్పుడల్లా కడుపులో కలుక్కుమంటుంది. అందుకే ఒక అరచెయ్యి కోన్ మీద గొడుగులా పట్టుకుని, రెండో చేత్తో స్క్రూ తిప్పండి. పవర్ డ్రిల్ దగ్గరికే రానివ్వకండి.

ప్రశ్న: వెనక గొట్టంలోకి బల్లి దూరింది. రాత్రి పాట మధ్యలో లోపల పరపరమని చప్పుడు. ఎలా బయటికి రప్పించాలి? (మచిలీపట్నం)

జవాబు: పాట ఆపి, లైటు తీసి, గొట్టం గోడ వైపు కాకుండా గది వైపు తిప్పి పెట్టి, పడుకోండి. తెల్లారేసరికి పోతుంది. పోకపోతే వూఫర్ నాలుగు స్క్రూలు విప్పడమే. ఆ తరవాత గొట్టం లోపలి మూతికి పెద్ద కన్నాల ప్లాస్టిక్ మెష్ కట్టండి. దోమతెర గుడ్డ కట్టకండి, గాలి సరిగ్గా ఆడక బేస్ దగ్గర ఫుస్సుమంటుంది. మెష్ దొరికేదాకా వినని వేళల్లో గొట్టంలో ఒక పాత సాక్సు దోపి ఉంచండి. పాట పెట్టే ముందు తీయడం మరిచిపోయి, బేస్ లేదని వచ్చే నెల ఉత్తరం రాయకండి.